అరిగిన క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ సీల్ ట్రాక్‌ను ఎలా బాగుచేయాలి

ఇంజిన్ మొత్తం విప్పి, కొత్త రింగులు, బేరింగులు వేసి, కొత్త ఆయిల్ సీల్ కూడా బిగించారు. కొద్ది రోజులకే క్లచ్ హౌసింగ్ కింద మళ్లీ ఆయిల్ చుక్క కనబడింది. ఇలాంటప్పుడు మరో సీల్ కొనే ముందు చూడాల్సింది పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌ను (క్రాంక్ అనీ అంటారు). సీల్ లోపలి మెత్తని అంచును లిప్ అంటారు. ఆ లిప్‌కు ఆనుకుని తిరిగే షాఫ్ట్ మీది పట్టీని ఇక్కడ ట్రాక్ అందాం. ఏళ్ల తరబడి తిరిగిన ట్రాక్ మీద గాడి పడుతుంది. పాత లిప్ ఆ గాడితోపాటే అరుగుతూ దానికి తగ్గట్టు సర్దుకుని ఉంటుంది. కొత్త లిప్ అంచు పదునుగా, సన్నగా ఉంటుంది. అది గాడి అడుగుకు చుట్టూ సమానంగా దిగలేదు, గాడి గట్టు మీద ఎక్కి కూర్చుంటుంది. ఆయిల్‌కు ఆ సందు చాలు.

ఇంజిన్ ఓవర్‌హాల్ కోసం క్రాంక్ బయటకు వచ్చినప్పుడే ఈ పని చేసుకోవాలి. లేత్ మీద పెట్టొచ్చు, సరిగ్గా కొలవొచ్చు, ఎమరీ పొడిని పూర్తిగా కడిగేయొచ్చు. ఇంజిన్ బిగించాక ఇదే పని చేయాలంటే గేర్‌బాక్స్ దించాలి, పైగా లోపల రుద్దినదంతా సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) పోకుండా కాపలా కాయాలి.

రబ్బరు ఉక్కును ఎలా కోస్తుంది

కోసేది రబ్బరు కాదు. ఆయిల్‌లో తిరిగే కార్బన్ నుసి, బయటి నుంచి వచ్చే దుమ్ము, క్లచ్ పొడి లిప్ అంచులో ఇరుక్కుంటాయి. ఆ తర్వాత లిప్ ఒక సన్నని ఎమరీ పట్టీలా పనిచేస్తుంది. వేగం చూడండి: 80 మి.మీ. వ్యాసం ఉన్న ట్రాక్ 6000 ఆర్‌పీఎం దగ్గర లిప్ కింద సెకనుకు 25 మీటర్ల చొప్పున జారుతుంది. ముందువైపు 45 మి.మీ. ట్రాక్ అయితే 14 మీటర్లు. లిప్‌కూ షాఫ్ట్‌కూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం మైక్రాన్ అటూఇటూ మాత్రమే. రాపిడి వేడికి రబ్బరు గట్టిపడి, ఆయిల్ మాడి అంచున కార్బన్ కడితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. అందుకే పాత సీల్‌ను పారేసే ముందు లిప్‌ను ఒకసారి వంచి చూడండి. పగుళ్లు వస్తే వేడి కథ. మెత్తగానే ఉండి గాడి లోతుగా ఉంటే దుమ్ము కథ, ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ మార్పు సంగతి కూడా చూడాలి. లిప్ ఒక పక్కనే ఎక్కువ అరిగి ఉంటే సీల్ హౌసింగ్ కేంద్రం తప్పిందన్నమాట. అప్పుడు ట్రాక్ ఎంత బాగుచేసినా కారడం ఆగదు.

ముందు కారేది సీల్ నుంచేనా?

వెనకవైపు ఆయిల్ కనబడగానే రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక కొసన ఉండే ఆయిల్ సీల్) అని తేల్చేయడం మామూలే. కానీ రాకర్ కవర్ గ్యాస్కెట్ నుంచి కారిన ఆయిల్ బ్లాక్ వెనక జారి అక్కడికే చేరుతుంది. క్యామ్‌షాఫ్ట్ వెనక ప్లగ్, ఆయిల్ గ్యాలరీ ప్లగ్, సంప్ గ్యాస్కెట్ మూలలు కూడా అంతే. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కారితే వచ్చేది గేర్ ఆయిల్. దాని ఘాటైన వాసన వేరు. చాలామంది మరిచిపోయేది ఫ్లైవీల్ బోల్టులు. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టు రంధ్రాలు క్రాంక్‌కేస్ లోపలికి తెరుచుకుని ఉంటాయి. థ్రెడ్లకు సీలెంట్ పెట్టకపోతే ఆయిల్ థ్రెడ్ల వెంట వచ్చి ఫ్లైవీల్ ముఖం మీద గీతలుగా చిమ్ముతుంది. సీల్ కారితే ఫ్లైవీల్‌కు ఇంజిన్ వైపు తడి, బోల్టులు కారితే క్లచ్ వైపు తడి. ఫ్లైవీల్ విప్పేటప్పుడే ఇది గమనించండి, తుడిచేశాక తెలియదు.

బ్రీదర్ (క్రాంక్‌కేస్ గ్యాస్ బయటకు పోయే దారి) మూసుకుపోయినా, పిస్టన్ రింగుల పక్కనుంచి గ్యాస్ ఎక్కువగా దిగుతున్నా క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి మంచి సీల్‌ను కూడా కారేలా చేస్తుంది. బ్రీదర్ పైపు, ఆ గ్యాస్‌ను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ శుభ్రం చేయడం ఓవర్‌హాల్‌లో భాగమే అనుకోండి.

పాత సీల్ తీయడం

ట్రాక్ చెడిపోయేది సగం సార్లు ఇక్కడే. స్క్రూడ్రైవర్‌ను సీల్‌కూ షాఫ్ట్‌కూ మధ్య దూర్చి ఎగదోస్తే ఉక్కు మీద అడ్డంగా, అంటే షాఫ్ట్ పొడవు దిశలో గీత పడుతుంది. చుట్టూ తిరిగిన గాడి కన్నా ఆ గీతే ప్రమాదం. గాడి లిప్‌కు సమాంతరంగా ఉంటుంది, అడ్డగీత లిప్ కింద కాలువ తవ్వినట్టే. సీల్ లోహపు గుల్లలో 2 మి.మీ. రంధ్రాలు ఎదురెదురుగా రెండు వేసి, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు ఎక్కించి ప్లయర్‌తో సమానంగా లాగండి. డ్రిల్ మొన లోపలికి జారకుండా బిట్‌కు టేప్ చుట్టండి. క్రాంక్ బయటకు వచ్చే పనైతే అసలు ఈ తంటా అక్కర్లేదు: రియర్ సీల్ ప్లేట్‌ను విప్పి సీల్‌తోపాటే జార్చేయండి.

కొలవకుండా ఏదీ చేయొద్దు

బ్రేక్ క్లీనర్‌తో ట్రాక్ తుడిచి, వేలిగోరును షాఫ్ట్ పొడవునా నెమ్మదిగా జరపండి. గోరుకు తెలిసీ తెలియనట్టుంటే తేలిక గాడి. గోరు ఆగితే కొలవాల్సిన గాడి. మామూలు మైక్రోమీటర్ దవడలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి గాడి అడుగుకు దిగవు, గట్లనే కొలిచి అంతా బాగానే ఉందని చెబుతాయి. బ్లేడ్ మైక్రోమీటర్ గానీ పాయింట్ మైక్రోమీటర్ గానీ వాడండి. అవి లేకపోతే క్రాంక్‌ను వీ బ్లాకుల మీద పెట్టి, సన్నమొన ఉన్న డయల్ గేజ్‌ను అరగని చోట సున్నా చేసి, గాడిలోకి జరపండి. సూది ఎంత పడిపోతే అంత లోతు. మైక్రోమీటర్‌తో కొలిస్తే వ్యాసాల తేడాను సగం చేయడం మరవకండి. అరగని చోట 80.00, గాడిలో 79.88 వస్తే లోతు 0.06 మి.మీ.

అరగని చోట వ్యాసాన్ని 120 డిగ్రీల ఎడంగా మూడుచోట్ల కొలిచి రాసుకోండి. స్లీవ్ (ట్రాక్ మీద తొడిగే పలుచని ఉక్కు గొట్టం) ఎంపికకు సగటు కావాలి. ట్రాక్ పూర్తి వెడల్పు, క్రాంక్ చివరి ముఖం నుంచి గాడికి ఉన్న దూరం కూడా రాయండి. అదే డయల్ గేజ్‌తో ట్రాక్ రనౌట్, అంటే ఊగుడు, చూడండి. మెయిన్ జర్నల్స్ (మెయిన్ బేరింగుల్లో కూర్చునే క్రాంక్ భాగాలు) మీద క్రాంక్ తిరుగుతున్నప్పుడు ట్రాక్ ఊగుతుంటే, లిప్ ప్రతి చుట్టుకూ ఆ ఊగుడును వెంటాడాలి. ఎక్కువ వేగంలో వెంటాడలేదు. మెయిన్ బేరింగుల క్లియరెన్స్, థ్రస్ట్ వాషర్ల దగ్గర ఎండ్ ప్లే (క్రాంక్ పొడవు దిశలో కదలగల ఖాళీ) కూడా ఇంజిన్ మాన్యువల్ హద్దుల్లో ఉండాలి. బేరింగ్ వదులైన ఇంజిన్‌కు సీల్ మార్చడం డబ్బు దండగ.

లోతును బట్టి దారి ఎంచుకోవాలి. మాన్యువల్ వేరే చెప్పకపోతే ఈ అంచనా పనికొస్తుంది. 0.02 నుంచి 0.03 మి.మీ. లోపు గాడి పాలిష్‌తో పోతుంది. అంతకు మించితే సీల్‌ను పక్కకు జరపడమో, స్లీవ్ వేయడమో. 0.1 మి.మీ. దాటితే స్లీవ్ కింద ఫిల్లర్ తప్పదనుకోండి. స్లీవ్ ఎక్కని ఆకారమైతే లోహం కట్టి గ్రైండ్ చేయాలి. లోతైన గాడిని ఎమరీతో రుద్ది రుద్ది మాయం చేద్దామనుకోవడం చెడ్డ ఆలోచన. చేత్తో 0.1 మి.మీ. తీస్తే ట్రాక్ గుండ్రంగా మిగలదు.

ముందువైపు సీల్ గురించి ఒక మాట. చాలా ఇంజిన్లలో ఫ్రంట్ సీల్ లిప్ క్రాంక్‌ను తాకదు, పుల్లీ బాస్ మీదో డ్యాంపర్ (క్రాంక్ కంపనాన్ని తగ్గించే చక్రం) హబ్ మీదో ఆనుతుంది. అక్కడ గాడి పడితే ఆ ముక్కనే మార్చొచ్చు లేదా స్లీవ్ వేయొచ్చు. డ్యాంపర్ రబ్బరు పగిలి ఉంటే స్లీవ్ కోసం ఆలోచించకుండా డ్యాంపర్ మార్చేయండి.

పాలిష్

లక్ష్యం అద్దంలా మెరిపించడం కాదు. సీల్ ట్రాక్‌కు ఆర్‌ఏ (సగటు గరుకుదనపు కొలత) 0.2 నుంచి 0.5 మైక్రాన్ల గరుకుదనం కావాలి. అంతకన్నా గరుకైతే లిప్‌ను తినేస్తుంది. అద్దంలా ఉంటే ఆయిల్ పొర నిలవదు, లిప్ పొడిగా రాసుకుని మాడుతుంది. మెరుపు చూసి మురిసిపోతే ఇక్కడ దెబ్బతింటారు.

ముందు అన్ని ఆయిల్ రంధ్రాలను, పక్కనున్న మెయిన్ జర్నల్‌ను టేపుతో మూసేయండి. ట్రాక్ పూర్తి వెడల్పును కప్పేంత ఎమరీ పట్టీ తీసుకోండి. వెడల్పు తక్కువైతే చెయ్యి దానంతటదే పక్కకు జరుగుతుంది, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. గాడి గట్లు పదునుగా ఉంటే 240 నంబరు ఎమరీతో మొదలుపెట్టి, ఆపై 400, చివర 600, ఆయిల్ తడితో. లేత్ మీదైతే క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ పట్టీని ఒకేచోట పట్టుకోండి, చివరి పాలిష్‌ను ఇంజిన్ తిరిగే దిశలో ముగించండి. క్యాస్ట్ ఐరన్ క్రాంక్‌లకు ఈ దిశ మరీ ముఖ్యం. గ్రాఫైట్ గుళికల చుట్టూ లేచే సన్నని ముళ్లు వ్యతిరేక దిశలో రుద్దితే లిప్‌కు ఎదురు నిలుస్తాయి. లేత్ లేకపోతే పట్టీని షాఫ్ట్ చుట్టూ వేసి రెండు కొసలూ మార్చిమార్చి లాగండి. కొన్ని లాగుళ్లకోసారి క్రాంక్‌ను పావు చుట్టు తిప్పుతుండండి, లేకపోతే ఒకవైపే అరుగుతుంది.

పట్టీని షాఫ్ట్ తిరుగుతుండగా పక్కకు జరిపితే కంటికి కనబడని మర లాంటి గీత పడుతుంది. గ్రైండింగ్ వాళ్లు దాన్ని లీడ్ అంటారు. షాఫ్ట్ తిరిగినప్పుడు ఆ మర ఆయిల్‌ను లిప్ కింద నుంచి బయటకు పంపు చేస్తుంది. సీల్ కొత్తది, ట్రాక్ నున్నగా ఉంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి, అయినా కారుతోంది అంటే ముందు అనుమానించాల్సింది లీడ్‌నే.

దీన్ని పట్టుకోవడానికి దారం పరీక్ష ఉంది. క్రాంక్‌ను లేత్‌లో కచ్చితంగా సమతలంగా బిగించి, ట్రాక్ మీద పలుచని ఆయిల్ రాయండి. సన్నని నూలు దారాన్ని షాఫ్ట్ మీదుగా వేసి, రెండు కొసలనూ కింద కలిపి 30 గ్రాముల బరువు కట్టండి. దారం షాఫ్ట్ చుట్టులో మూడింట రెండు వంతులు, అంటే 220 నుంచి 240 డిగ్రీల వరకు ఆనుకోవాలి. నిమిషానికి 20 చుట్ల వేగంతో తిప్పుతూ దారం పక్కకు జరుగుతుందేమో చూడండి. తర్వాత దిశ మార్చి తిప్పండి. దిశ మారగానే దారం కూడా ఎదురు దిశకు నడిస్తే లీడ్ ఉన్నట్టే, మళ్లీ పాలిష్ చేయాలి. రెండుసార్లూ ఒకే పక్కకు జరిగితే లీడ్ కాదు, షాఫ్ట్ వాలుగా ఉందనో ట్రాక్ టేపరుగా ఉందనో అర్థం. ఎటూ కదలకపోతే ట్రాక్ సిద్ధం.

పాత డిజైన్ ఇంజిన్లలో తాడు సీల్ ఉండే చోట క్రాంక్ మీద కావాలనే గాట్లు పెట్టి ఉంటారు. ఆయిల్‌ను లోపలికి తోయడానికి మర లాంటి గాళ్లు కూడా ఉండొచ్చు. అవి అరుగుదల కాదు, రుద్దొద్దు. అలాంటి క్రాంక్‌కు రబ్బరు లిప్ సీల్ వేయాలంటే దానికోసమే తయారైన సీల్ వెతకాలి.

సీల్‌ను పక్కకు జరపడం

ఖర్చు లేని చిట్కా. ట్రాక్ వెడల్పుగా ఉండి గాడి ఒక కొసన ఉంటే, కొత్త సీల్‌ను 1.5 నుంచి 2 మి.మీ. ఎక్కువ లోతుకో తక్కువ లోతుకో బిగిస్తే లిప్ అరగని ఉక్కు మీద పడుతుంది. లోతు తగ్గించాలనుకుంటే హౌసింగ్‌లో సీల్ వెనక అదే మందం రింగు పెడితే అది కచ్చితంగా నిలుస్తుంది. కంటి అంచనాతో మధ్యలో ఆపితే సీల్ వంకరపోతుంది. లోపలికి ఎక్కువ తోయాలంటే హౌసింగ్‌లో ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం మూసుకోకూడదు, లిప్ లోపలి చాంఫర్ (వాలుగా కోసిన అంచు) మీద పడకూడదు. డస్ట్ లిప్ ఉంటే అది పాత గాడిలో పడినా ఫర్వాలేదు, ప్రధాన లిప్ మాత్రం పడకూడదు. కొన్ని కొత్త ఇంజిన్లలో రియర్ సీల్‌కే క్రాంక్ సెన్సర్ చదివే అయస్కాంత రింగు అంటించి ఉంటుంది. అక్కడ సీల్‌ను జరపడం కుదరదు, సెన్సర్ దూరం తప్పుతుంది.

స్లీవ్

సరిగ్గా చేస్తే గాడి పడిన ట్రాక్‌కు ఇదే శాశ్వత మరమ్మతు. ఎస్‌కెఎఫ్ స్పీడీ-స్లీవ్ లాంటి పలుచని స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌ల గోడ మందం దాదాపు 0.28 మి.మీ. వ్యాసం 0.56 మి.మీ. మాత్రమే పెరుగుతుంది కాబట్టి పాత సైజు రబ్బరు సీల్‌నే వాడొచ్చు. ఆ బరువుకు క్రాంక్ బ్యాలెన్స్ కూడా మారదు. టెఫ్లాన్ లిప్ సీల్ అయితే ఆ పెరిగిన వ్యాసానికి సరిపోతుందో లేదో సీల్ తయారీదారు సూచన చూశాకే ముందుకెళ్లండి. స్లీవ్ ఉపరితలం లీడ్ లేకుండా తయారై వస్తుంది, దాన్ని మళ్లీ పాలిష్ చేయొద్దు.

ప్రతి స్లీవ్‌కూ అది పట్టే షాఫ్ట్ వ్యాసం పరిధి రాసి ఉంటుంది. మీరు రాసుకున్న మూడు కొలతల సగటు ఆ పరిధిలో ఉండాలి. వదులైతే స్లీవ్ షాఫ్ట్ మీద తిరుగుతుంది, ఆ వేడికి సీల్ మాడిపోతుంది. వదులు స్లీవ్‌ను జిగురుతో నిలబెడదామనుకోవద్దు. వెడల్పు కూడా చూసుకోండి: లిప్ ఆనే చోటు స్లీవ్ అంచులకు రెండు పక్కలా దూరంగా ఉండాలి. స్లీవ్ అంచు కింద కీవే (కీ కూర్చునే గాడి) గానీ స్ప్లైన్ (పొడవునా ఉండే పళ్లు) గానీ ఉంటే ఆ చోట పలుచని ఉక్కు లోపలికి నొక్కుకుపోతుంది.

షాఫ్ట్ చివర చాంఫర్ మీద బర్ (లేచిన లోహపు ముల్లు) ఉంటే సన్నని ఆకురాయితో తీసేయండి. గాడి గట్లు ఎత్తుగా లేచి ఉంటే వాటినీ చదును చేయండి. గాడి లోతుగా ఉంటే లోహపు పొడి కలిపిన ఎపాక్సీ ఫిల్లర్‌ను గాడిలో నింపి, ప్లాస్టిక్ ముక్క అంచుతో షాఫ్ట్ మట్టానికి గీకండి. అది గట్టిపడక ముందే స్లీవ్ ఎక్కించాలి. అప్పుడు మిగులు ఫిల్లర్‌ను స్లీవే తుడుచుకుపోతుంది. గట్టిపడ్డాక ఎక్కిస్తే చిన్న ఉబ్బు కూడా పలుచని స్లీవ్ మీద బయటకు తేలుతుంది, అదే లిప్‌ను తినే కొత్త గుట్ట. గాడి లేని చోట ఫిల్లర్ అవసరం లేదు. కావాలంటే స్లీవ్ లోపల గట్టిపడని సీలెంట్ పలుచగా రాయండి, బయట అంటినది తుడిచేయండి.

స్లీవ్‌కు ఒకవైపు బయటకు విరిచిన ఫ్లాంజ్ ఉంటుంది. ఫ్లాంజ్ ఉన్న కొసే ముందు షాఫ్ట్ మీదకు ఎక్కాలి. తోడు వచ్చే గిన్నె లాంటి టూల్‌ను స్లీవ్ మీదుగా వేస్తే అది ఫ్లాంజ్‌కు ఆనుతుంది. టూల్ మధ్యలో సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తుంటే దెబ్బ ఫ్లాంజ్ మీదే పడుతుంది, స్లీవ్ గొట్టం లాగబడినట్టు ఎక్కుతుంది. గొట్టం అంచు మీద దెబ్బ పడితే పలుచని ఉక్కు నలిగిపోతుంది. టూల్ పొడవు చాలకపోతే, ముఖం చదునుగా లేత్ పట్టించిన పైపు ముక్క వాడండి. దాని లోపలి వ్యాసం స్లీవ్ బయటి వ్యాసం కన్నా కాస్తే ఎక్కువుండాలి. మొదటి 2, 3 మిల్లీమీటర్లే కీలకం. వంకర మొదలైందని అనిపిస్తే వెంటనే ఆగి టూల్‌ను సరిచేయండి. వంకరగా ఎక్కి బిగుసుకున్న స్లీవ్‌ను తీసి మళ్లీ వాడలేరు. చలికి ఎక్కడం కష్టంగా ఉంటే స్లీవ్‌ను 180 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయొచ్చు, కానీ పలుచని ఉక్కు క్షణాల్లో చల్లారి మధ్యలోనే పట్టేస్తుంది. వేడి చేస్తే తడుముకోవడానికి టైము ఉండదు.

ఎంత లోతుకు ఎక్కించాలో ముందే షాఫ్ట్ మీద మార్కర్‌తో గీసుకోండి. ఫ్లాంజ్ లోపల దేనికీ తగలకుండా, లిప్‌కు ఆయిల్ చేరే దారికి అడ్డం రాకుండా ఉంటే వదిలేయొచ్చు. తీసేయాల్సి వస్తే, ఎక్కించే ముందే ఫ్లాంజ్‌ను కట్ లైన్ (స్లీవ్ మీద ముందే గీసి ఉండే గీత) దాకా ఒక్కచోట సైడ్ కట్టర్‌తో కత్తిరించండి. ఎక్కాక ఆ కొసను ప్లయర్‌తో పట్టి చుట్టలా తిప్పుతూ లాగితే కట్ లైన్ వెంట ఊడివస్తుంది. లాగేటప్పుడు స్లీవ్ అంచు షాఫ్ట్ నుంచి పైకి లేవకుండా చూసుకోండి. చివరిగా, సీల్ లోపలికి జారే వైపు అంచును వేలితో తడిమి చూడండి. గుచ్చుకుంటే సన్నని ఆకురాయితో ఒక్కసారి తడమండి, అంతే.

పాత స్లీవ్ తీయాలంటే హీట్ గన్‌తో వేడి చేసి లాగడం మొదటి దారి. రాకపోతే చిన్న సుత్తితో దాని వెడల్పంతా తేలికగా కొడుతూ పోతే ఉక్కు సాగి వదులవుతుంది. కట్టర్‌తో కోయాల్సి వస్తే స్లీవ్ మందం కన్నా లోతుకు పోవద్దు.

స్లీవ్ ఎక్కని చోట

రియర్ సీల్ క్రాంక్ ఫ్లాంజ్ చుట్టూ తిరిగే రకమైతే స్లీవ్ వెనక నుంచి సులువుగా ఎక్కుతుంది. రెండు ముక్కల సీల్ ఉన్న ఇంజిన్లలో ట్రాక్ ఫ్లాంజ్‌కు లోపలి పక్కన, చిన్న వ్యాసంతో ఉంటుంది. ఫ్లాంజ్ దాటించి స్లీవ్ వేయడం సాధ్యం కాదు. అక్కడ సీల్‌ను జరపడం కుదరకపోతే మిగిలేది మెషిన్ షాప్ పనే.

గ్రైండ్ చేసి హార్డ్ క్రోమ్ వేయించడం ఒకటి. వెల్డింగ్ వేడి ఉండదు కాబట్టి క్రాంక్ వంగదు. మెయిన్ జర్నల్ ఫిల్లెట్ (మూలలోని గుండ్రని వంపు) మీద మాత్రం క్రోమ్ పడకుండా మాస్క్ చేయమనండి. క్రోమింగ్ వల్ల ఉక్కులో చేరే హైడ్రోజన్ ఫిల్లెట్ దగ్గర పగుళ్లకు కారణమవుతుంది, అందుకే ప్లేటింగ్ తర్వాత బేకింగ్ (హైడ్రోజన్ పోయేలా వేడిలో ఉంచడం) చేస్తారు. చేశారా లేదా అని అడగడంలో తప్పులేదు. ఇక వెల్డింగ్‌తో కట్టి గ్రైండ్ చేయడం. అలా చేస్తే క్రాంక్ తప్పక కాస్త వంగుతుంది కాబట్టి నిటారు చేసి, పగుళ్ల పరీక్ష చేయించి, మెయిన్ జర్నల్స్‌తో పోల్చి రనౌట్ చూడాలి. ఏ పద్ధతైనా చివర గ్రైండింగ్ వీల్ పక్కకు జరగకుండా నేరుగా దిగాలి, అప్పుడే లీడ్ పడదు. ట్రాక్ గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 30కి తగ్గకూడదు, 45 ఉంటే దుమ్ముకు బాగా నిలుస్తుంది. పని అయ్యాక పైన చెప్పిన దారం పరీక్ష తప్పనిసరి.

కడగడం, కొత్త సీల్ బిగించడం

ఎమరీ తాకిన క్రాంక్‌ను తుడిచి బిగించేయకూడదు. ఆయిల్ రంధ్రాల ప్లగ్గులు విప్పి, సన్నని బ్రష్, వేడి సబ్బు నీళ్లతో ప్రతి రంధ్రాన్నీ తోమి, గాలి పట్టి ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాయండి. ఎమరీ రేణువు ఒక్కటి కొత్త బేరింగులో దిగితే పాత గాడే నయమనిపిస్తుంది.

సీల్ రబ్బరు రకం ముఖ్యం. మామూలు నైట్రైల్ వెనక సీల్ వేగానికి, వేడికి ఎక్కువ కాలం నిలవదు. ఎఫ్‌కేఎం (ఫ్లోరిన్ ఉండే) రబ్బరు 200 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. టెఫ్లాన్ లిప్ సీళ్ల సంగతి పూర్తిగా వేరు. వాటి లిప్‌కు స్ప్రింగ్ ఉండదు, ఆకారం పోకుండా ప్లాస్టిక్ గైడ్‌లో వస్తాయి. ఆ గైడ్ మీదుగానే షాఫ్ట్ మీదకు జార్చాలి. ట్రాక్, లిప్ రెండూ పొడిగా ఉండాలి, ఆయిల్ రాయకూడదు. లిప్ నుంచి టెఫ్లాన్ పలుచగా షాఫ్ట్‌కు అంటుకోవాలి, ఆయిల్ ఉంటే అంటదు. బిగించాక కనీసం 4 గంటలు క్రాంక్‌ను తిప్పొద్దు, లిప్ షాఫ్ట్‌కు సర్దుకోవడానికి ఆ సమయం కావాలి. రబ్బరు సీల్‌కు సరిగ్గా దీనికి విరుద్ధం: లిప్‌కు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయాలి, పొడిగా తిప్పితే మొదటి నిమిషంలోనే మాడుతుంది. డస్ట్ లిప్ ఉంటే రెండు లిప్పుల మధ్య ఖాళీలో కొద్దిగా గ్రీజు పెట్టండి. ఏ సీల్ ఎలా వేయాలో డబ్బాలోని కాగితం చదివి తీరాలి. ఈ రెండింటినీ తారుమారు చేసి కొత్త సీళ్లను పాడుచేయడం చాలా మామూలు.

కీవే అంచు మీదుగా లిప్ వెళ్లాల్సి వస్తే అక్కడ టేపు చుట్టండి. సీల్‌ను అంచు మొత్తానికి ఆనే డ్రైవర్‌తో లోపలికి నొక్కి, నాలుగు చోట్ల లోతు కొలవండి. తేడా 0.3 మి.మీ. లోపు ఉండాలి. బిగించాక వేలితో లోపలి నుంచి తడిమి, స్ప్రింగ్ జారిపోలేదని, లిప్ ఎక్కడా మడత పడలేదని చూసుకోండి. రియర్ సీల్ ప్లేట్ వేరుగా ఉండే ఇంజిన్లలో డోవెల్ పిన్నులు లేకపోతే బోల్టులు వదులుగా ఉంచి, క్రాంక్‌కు డయల్ గేజ్ తగిలించి ప్లేట్ బోర్ చుట్టూ తిప్పండి. బోర్ కేంద్రంలోకి వచ్చాకే బిగించండి. ప్లేట్ అడుగు ముఖం సంప్ ముఖంతో మట్టంగా ఉండటం కూడా అవసరమే. లేకపోతే సంప్ గ్యాస్కెట్ మూలన కారి, నింద మళ్లీ సీల్ మీదకే వస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ చేశాక మొదట ఐడిలింగ్‌లోనే వేడెక్కనివ్వండి. వేడెక్కాక ఆయిల్ ఫిల్లర్ మూతకు గొట్టం తగిలించి, సగం నీళ్లు నింపిన యూ ఆకారపు పారదర్శక గొట్టంతో క్రాంక్‌కేస్ ఒత్తిడి చూడండి. పీసీవీ బాగున్న పెట్రోల్ ఇంజిన్‌లో ఐడిలింగ్‌లో నీళ్లు ఇంజిన్ వైపుకు కొద్దిగా లాగబడాలి. బయటకు నెట్టబడుతుంటే ముందు బ్రీదర్ చూసుకోండి.